తలుపులో కుదురు

అన్యాయం జరిగింది చిట్టెమ్మగారికి. 2019 మార్చి పద్దెనిమిది, సోమవారం, భోజనాల వేళ, నరసరావుపేట సత్తెనపల్లి రోడ్డులో, అద్దాల తలుపులున్న ఒక కారు ఆడియో షాపులో. అప్పటికి ఆవిడ పోయి పదకొండేళ్ళు. పోయినవాళ్ళకి అన్యాయం చెయ్యడం సుఖం. తిరిగి కేకలెయ్యరు.

చిట్టెమ్మగారు హరికథ చెప్పేది. పల్నాడంతా తిరిగి చెప్పింది. పైకెత్తి పాడి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు ఊరికి నలుగురుంటారు. ఈవిడ గొంతు కిందికి దిగేది. కథ చివరికొచ్చేసరికి దించి, ఇంకా దించి, పందిట్లో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి వినేంత లోతుకి తీసుకుపోయేది.

ఆ గొంతు గురించి షాపు ఓనరు ఇర్మియా అన్న మాట ఇది:

"స్పీకర్లలో ఏ లోపమూ లేదు మేడం. మీ గురువుగారి గొంతే అంత."

విన్న మనిషి వైదేహి. చిట్టెమ్మగారి ఇంట్లో ఉండి, ఆవిడకి తలదువ్వి, మందులిచ్చి, తిట్లు తిని కథ నేర్చుకున్న శిష్యురాలు. యాభై అయిదేళ్ళ మనిషి. ఇప్పుడామే పెద్ద కథకురాలు.

అంతకు కొద్దిరోజుల ముందు, అదే షాపులో, అన్యాయం జరిగిన మనిషి ఇంకొకరున్నారు. ఆయన బతికే ఉన్నాడు. వినుకొండ రోడ్డులో రేకుల షెడ్డులో చెక్క కోసుకుంటూ ఉన్నాడు. ఆయన పేరు దస్తగిరి. ఇర్మియాకి పని నేర్పింది ఆయనే.

సంగతేమిటంటే, ఆ కారు చిట్టెమ్మగారిదే. పాత తెల్లకారు. ఎవరెంత చెప్పినా వైదేహి దాన్ని అమ్మలేదు. ఊళ్ళకి కథలకి పోయేటప్పుడు తనే నడుపుకుంటూ, దారంతా గురువు గొంతు వింటూ పోయేది. ఫోన్లో వింటే చిట్టెమ్మగారు దోమ పాడినట్టు పాడుతుంది. కారులో వింటే వెనకసీట్లో కూచుని పాడినట్టే ఉండేది.

పోయే ముందటి సంవత్సరం చిట్టెమ్మగారు మంచం మీద కూచుని, తంబూరా అయినా లేకుండా, ఒక కథ మొత్తం చెప్పి రికార్డు చేయించింది. "చివరి ఘట్టం మాత్రం నేను పోయాకే చెప్పవే," అంది. పోయాక కూడా వైదేహికి ధైర్యం చాలలేదు. ఆ దిగడం దిగలేనని భయం. ఇన్నేళ్ళకి తెగించింది. ఏప్రిల్ పదిన గురువు సంస్మరణకి కోటప్పకొండ రోడ్డులో పందిరి వేయించి ఆ ఘట్టం చెప్తానని మాటిచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఏ మాట మీద గొంతు దించిందో, రోజూ కారులో వింటూ పట్టుకుంటోంది.

సరిగ్గా అప్పుడే పాత స్పీకర్లు చిరిగి గరగరలాడాయి.

ఆమె ఇర్మియా షాపుకి పోయింది. దోవలో ఉంది, తళతళలాడుతోంది. తళతళలాడేదాన్ని చూసి మోసపోవడంలో హరికథలు చెప్పేవాళ్ళయినా ఒకటే, వినేవాళ్ళయినా ఒకటే.

ఇర్మియా కారు తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. లోపల రేకు మీద, స్పీకరు చుట్టూ, వార్నిష్ వేసిన చెక్కరింగు ఉంది. నాలుగు స్క్రూలతో రేకుని కరుచుకుని ఉంది. రేకుకున్న బొక్కలన్నీ నల్లటి జిగురు షీటుతో మూసి ఉన్నాయి. అట్ట వెనక మూల పెన్సిలుతో రాసి ఉంది: ద. 12-6-2006.

ఆ చేతిరాత ఎవరిదో ఇర్మియాకి తెలుసు. ఆ షెడ్డులో ఆచారమది. బిగించినవాడు బిగించిన రోజు అట్ట వెనక రాయాలి, తరవాత అట్ట మూసెయ్యాలి. ఎవరికీ కనపడదు. మళ్ళీ విప్పినవాడికి తప్ప. ఇర్మియా షాపులో పద్ధతి వేరు. కారు వెనకద్దానికి అరచెయ్యంత స్టిక్కరు, మూడు రంగుల్లో, ఇర్మియా సౌండ్స్ అని.

"ఏంటి బాబూ అది, చెక్కా?" అనడిగింది వైదేహి.

"పాతకాలప్పని మేడం. ఎవరో పల్లెటూరి మేస్త్రీ చేసుంటాడు. ఇప్పుడివన్నీ లేవు," అన్నాడు ఇర్మియా.

ఎవరో పల్లెటూరి మేస్త్రీ! పదిహేనేళ్ళవాడుగా వచ్చినప్పటి నుంచీ అన్నం పెట్టిన ఇంటిని అంత తేలిగ్గా తుడిచేశాడు. చెక్కరింగులు ఊడబీకి చెత్తలో పడేశాడు. పాత స్పీకర్లూ అందులోకే పోయాయి. నల్లషీటు అడ్డంగా ఉందని కోసేశాడు. కొత్త స్పీకర్ల డబ్బాలో వచ్చిన పల్చటి ప్లాస్టిక్ రింగు పెట్టి, బొక్కలు కలవకపోతే రెండు స్క్రూలతో సరిపెట్టి, అట్ట కొట్టి, స్టిక్కరు అంటించాడు. టీ చల్లారేలోగా పనయిపోయింది.

చెక్కరింగుని దస్తగిరి కొట్టులో రింగు అనరు. కుదురు అంటారు. ఎందుకంటారో ఇర్మియా ఎప్పుడూ అడగలేదు. "కుదురు తేరా", "కుదురు గట్టిగా ఉందా చూడరా" అని విన్నాడు, తనూ అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ మాట నోట్లో తిరిగింది గానీ చెవిలోకి ఎక్కలేదు.

రెండేళ్ళ కిందట సొంత షాపు పెట్టుకునేటప్పుడు ఆయన ముందు నిలబడి, "గురువుగారూ, ఇంకా చెక్కముక్కలు కోసుకుంటా కూచుంటే లోకం మనల్ని దాటిపోతుంది," అన్నాడు. షాపు తెరిచిన రోజు అందరూ గోడగడియారాలూ పూలగుత్తులూ తెస్తే, దస్తగిరి పాత పేపర్లో చుట్టి రెండు చెక్క కుదుళ్ళు తెచ్చాడు. నున్నగా తోమి, మూడు పూతలు వార్నిష్ కొట్టినవి.

"వీటితో ఏం చెయ్యమంటారు గురువుగారూ?" అని ఇర్మియా నవ్వాడు.

"ఉంచుకో. పనికొస్తయ్యి."

పనికొచ్చాయి కూడా. ఒకటి కౌంటరు మీద మనీప్లాంటు కుండీ కింద పెట్టాడు. ఇంకొకటి ఊగే టేబులు ఫ్యాను కింద.

కొత్త స్పీకర్లు పెట్టించుకున్న రెండోరోజే వైదేహి తిరిగొచ్చింది. "నాయనా, మా అమ్మ కనపడట్లేదు," అంది. చిట్టెమ్మగారిని అమ్మ అనే అంటుంది. "పైమాటలు వినపడుతున్నై. ఆమె కిందికి దిగేసరికి ఎవరూ లేరు. తలుపేమో గిలగిలా కొట్టుకుంటోంది."

ఇర్మియా ఇంకా ఖరీదైన జత పెట్టాడు. మళ్ళీ వచ్చింది. యాంప్లిఫయరు పెట్టి సౌండు పెంచాడు. మగవాడికి తప్పు ఒప్పుకోవడం కంటే కొత్త సామాను కొనడం తేలిక. సౌండు పెరిగినకొద్దీ తలుపు అదిరింది. చిట్టెమ్మగారు ఇంకా దూరం పోయింది.

అతని మిగతా బేరాల్లో ఈ బాధ రాలేదు. కుర్రవాళ్ళు వస్తారు, డిక్కీలో పెద్ద డబ్బా పెట్టించుకుంటారు, వీధి వీధంతా దడదడలాడించుకుంటూ పోతారు. ఆ మోతలో ఎన్ని పాపాలైనా దాక్కుంటాయి. ఒంటి గొంతులో ఒక్కటీ దాక్కోదు.

మూడోసారి వచ్చినప్పుడు అతను ఆ మాటన్నాడు. మీ గురువుగారి గొంతే అంత.

వైదేహి కేకలు వెయ్యలేదు. కారు తాళాలు కౌంటరు మీద, మనీప్లాంటు పక్కన పెట్టింది.

"నాయనా, ఆమె పాదాల దగ్గర కూచుని విన్నదాన్ని. ఆమె గొంతు సంగతి నువ్వు నాకు చెప్తున్నావు, బాగుంది. ఏప్రిల్ పది లోపల మా అమ్మ గొంతు మా అమ్మకి ఇచ్చెయ్యి. పాతవే పెట్టు, నాకేం బాధ లేదు."

"పాతవి... పారేశాం మేడం."

"పారేశావా." అంది వైదేహి. "సరే. ఇవ్వలేకపోతే ఆ ఘట్టం నేను చెప్పను. పందిట్లో లేచి నిలబడి, ఎందుకు చెప్పట్లేదో మాత్రం చెప్తాను. పేరూ వీధీతో సహా. నేను కథ చెప్తే ఎట్టా ఉంటదో కనుక్కో, ఎవర్నయినా."

కనుక్కోనక్కర్లేదు. ఇర్మియా వాళ్ళమ్మ చర్చికి పోతూ కూడా ఆ కథలకి ఆగిపోయేది.

* * *

రెండు వారాలు అతను ఆ కారుతో ఒంటరిగా పెనుగులాడాడు. దస్తగిరి గుర్తు రాక కాదు. గుర్తొచ్చినప్పుడల్లా ఆ చెత్తడబ్బా గుర్తొచ్చేది. ఏప్రిల్ రెండున, మంగళవారం, పొద్దెక్కాక, వేరే దారిలేక కారు తీసుకుని వినుకొండ రోడ్డుకి పోయాడు.

షెడ్డు ముందు దస్తగిరి భార్య మౌలాబీ చింతపండు గింజలు తీస్తూ కూచునుంది. కారునీ, దిగిన మనిషినీ చూసింది.

"ఎవరూ, అద్దాల షాపాయనా! మా రేకుల్లోకి దోవ తెలిసిందా?"

"బాగున్నావా అమ్మా?"

"రెండేళ్ళకి అమ్మ గుర్తొచ్చింది. పోన్లే, నా అదృష్టం. అట్టా నిలబడి కాళ్ళు మార్చమాక, కుదురుగా కూచో. అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధం. మొహం చూస్తే తెల్వదా. నువ్వు తిని వచ్చిన మొహం నాకు తెల్సు, తినకుండా వచ్చిన మొహమూ తెల్సు. ముందు ఆయనతో మాట్లాడు, ఆనక పెడతా."

దస్తగిరి లోపల చెక్క కోస్తున్నాడు. అరవై దాటిన సన్నటి మనిషి. చెవి మీద పెన్సిలు. తలెత్తి చూసి, "వచ్చావా," అని మళ్ళీ రంపం మీదికి వంగాడు, ఇర్మియా పొద్దున టీకి పోయి ఇప్పుడే తిరిగొచ్చినట్టు.

ఇర్మియా చెప్పుకున్నాడు. స్పీకర్ల పేర్లు చెప్పాడు, వాట్లు చెప్పాడు, యాంప్లిఫయరు ఎక్కణ్ణించి తెప్పించాడో చెప్పాడు. దస్తగిరి కోస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఆమెతో ఏమన్నావు?"

ఇర్మియా తలొంచుకున్నాడు. "గొంతే అంత అన్నాను."

"చిట్టెమ్మగారినా?" బయటినుంచి మౌలాబీ గొంతు ఖంగుమంది. "ఒరే, ఆ మహాతల్లి కథ చెప్తంటే నొప్పులు మర్చిపోయి పందిట్లోనే కనబోయానురా మా పెద్దోణ్ణి! నీ నాలుక మీద..."

"మౌలాబీ," అన్నాడు దస్తగిరి.

ఆవిడ గింజలు గట్టిగా తియ్యడం మొదలుపెట్టింది.

దస్తగిరి రంపం పక్కన పెట్టి కారు దగ్గరికొచ్చాడు. చిట్టెమ్మగారి రికార్డు పెట్టమన్నాడు. గొంతు వచ్చింది, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు. ఇర్మియా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తలుపు అట్ట మీద ఆనించాడు.

"ఏం తెలుస్తంది?"

"అదురుతుంది గురువుగారూ."

"పాడేదెవరు?"

"చిట్టెమ్మగారు."

"తలుపురా," అన్నాడు దస్తగిరి. "ఆమెని పాడనిస్తేగా."

అట్ట తీయించాడు. లోపల చూశాడు. ప్లాస్టిక్ రింగుని వేలితో నొక్కితే అప్పడంలా వంగింది. దస్తగిరి అట్ట తిప్పి, మూలనున్న పెన్సిలు రాత చూశాడు. తన చేతిరాతే. బొటనవేలితో దాన్ని తడిమాడు, అంతే.

"కుదురేది?"

"పారేశాను."

"ఎవరిదో తెలిసే పారేశావా?"

అబద్ధం చెప్పడానికి ఇర్మియాకి అవకాశం ఉంది. రాత చూడలేదంటే సరిపోయేది. "తెలిసేనండీ," అన్నాడు.

దస్తగిరి అట్టని జాగర్తగా గోడకి ఆనించాడు. ఆయన తిడితే బాగుండునని ఇర్మియా ఎదురుచూశాడు. తిట్టు పడితే లెక్క తీరిపోయినట్టుంటుంది. ఆ సుఖం కూడా దక్కలేదు.

"ఎండనబడి వచ్చావు," అన్నాడు చివరికి. "పెరట్లో కొత్తకుండ ఉంది. కడిగి, నిండా మంచినీళ్ళు పోసుకుని రా."

ఇర్మియా పోయి, నల్లటి కొత్త కుండ నిండా నీళ్ళు పోసి, రెండు చేతులా ఎత్తుకుని తెచ్చాడు.

"ఎక్కడ పెట్టమంటారు?"

"అక్కడే." సిమెంటు గచ్చు చూపించాడు.

ఇర్మియా వంగి గచ్చు మీద పెట్టాడు. కుండ అడుగు గుండ్రం. పక్కకి ఒరిగింది. పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు దస్తగిరి.

"ఒరుగుతుంది గురువుగారూ."

"అయితే పట్టుకో."

ఆయన పోయి రంపం అందుకున్నాడు.

ఇర్మియా గొంతుకూచున్నాడు, కుండ పట్టుకుని. మొదట్లో ఇదేదో క్షణంలో అయిపోతుందనుకున్నాడు. రంపం పోతోంది, వస్తోంది. జేబులో ఫోను మోగింది. ఒక చెయ్యి తీసేసరికి కుండ వాలి, నీళ్ళు ఒలికి ప్యాంటు తడిసింది. మళ్ళీ రెండు చేతులూ పెట్టాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

ఒక ఆటో డ్రైవరు ఏదో వైరు కోసం వచ్చి, అద్దాల షాపు ఓనరు నేల మీద కుండ కావలించుకుని కూచోవడం చూశాడు. "ఏందన్నా, మొక్కా?" అనడిగాడు.

"కాదబ్బాయ్, వాడికి పెళ్ళి కుదిరింది, కుండతో," అంది మౌలాబీ. "వదిలిపెట్టడం లేదు, చూడు."

ఆటో డ్రైవరు నవ్వుకుంటూ పోయాడు. ఇర్మియా మోకాళ్ళు లాగాయి. భుజాలు లాగాయి. కుండ కదలకూడదని ఎంత బిగబట్టినా నీళ్ళు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. నీళ్ళ అంచు వంక అట్లాగే చూస్తూ కూచున్నాడు. నీళ్ళలో వణుకు లేదు. కుండలో లేదు. తన చేతుల్లోంచి వస్తోంది.

అప్పటికి మౌలాబీకి ఓపిక అయిపోయింది.

"ఏందయ్యా నువ్వు, తిండి లేకుండా వచ్చిన పిల్లోణ్ణి! వాడు మాత్రం ఎంతసేపని పట్టుకుంటాడు?"

"నేనూ అదే చూస్తన్నా," అన్నాడు దస్తగిరి.

ఆవిడ ఏదో గొణుక్కుంటూ లేచి, పెరట్లోంచి గడ్డితో చుట్టిన కుదురు తెచ్చి అతని ముందు పడేసింది. "ఇంద. పెట్టు. కుదురు లేకుండా కుండ నిలబడదని నీకు మీ అమ్మ చెప్పలేదా, నేను చెప్పలేదా?"

ఇర్మియా కుండ ఎత్తి కుదురు మీద పెట్టాడు. కుండ కూచుంది. అతను చేతులు తియ్యలేదు. పట్టుకున్నవాడికి వదలడం కూడా వెంటనే రాదు.

"ఇప్పుడు తియ్యి," అన్నాడు దస్తగిరి.

తీశాడు. నీళ్ళు ఒక్కసారి ఊగి, ఊరుకున్నాయి. షెడ్డు కప్పు రేకు సందులోంచి పడే ఎండ ముక్క నీళ్ళ మధ్యలో కదలకుండా నిలబడింది.

"తాగు."

ఇర్మియా గ్లాసు ముంచుకుని తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. తరవాత లేచి, గోడకి తగిలించున్న స్కూటరు తాళం తీసుకున్నాడు, అడగకుండానే, మునపటి రోజుల్లోలాగా.

"ఎక్కడికిరా?" అంది మౌలాబీ. "అన్నం పెడతన్నా."

"ఇప్పుడే వస్తానమ్మా."

షాపులో పనివాళ్ళు చూస్తూ ఉండగా మనీప్లాంటు కుండీ ఎత్తి పక్కన పెట్టాడు. టేబులు ఫ్యాను ఎత్తి పక్కన పెట్టాడు. ఫ్యాను మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. ఊగనిచ్చాడు. రెండు కుదుళ్ళూ చొక్కా లోపల పెట్టుకుని బయల్దేరాడు.

* * *

దస్తగిరి వాటిని వెలుతురులో పట్టుకుని చూశాడు. ఒకదాని చుట్టూ నీటి మరక ఉంది. గోటితో గీకి చూశాడు.

"దేని కింద పెట్టావు?"

"మొక్క కిందండీ."

"రోజూ నీళ్ళు పోశావా?"

"పోశానండీ."

"రెండేళ్ళు నీళ్ళు తాగినా ఉబ్బలేదు చూశావా," అన్నాడు దస్తగిరి, మొహం విప్పారి. "వార్నిష్ బాగా పట్టింది." ఇచ్చేశాడు.

ఆయన స్టూలు మీద కూచున్నాడు. చెయ్యి వెయ్యలేదు. ఇర్మియానే చేశాడు. యాంప్లిఫయరు తీసేశాడు. ఖరీదైన జత తీసేసి మొదట పెట్టిన మామూలు జత డిక్కీలోంచి తెచ్చాడు. తలుపు రేకుకి సరిపడేలా కుదురు అంచుని ఆకురాయితో అరగదీశాడు. కొత్త షీటు ఎండలో పెట్టి మెత్తబడ్డాక, బొక్కల మీద పరిచి వేళ్ళతో గట్టిగా అదిమాడు. కుదురుని రేకుకి, స్పీకరుని కుదురుకి, నాలుగు స్క్రూలూ ఒకదానికెదురు ఒకటి, కొంచెం కొంచెంగా తిప్పుతూ బిగించాడు. అట్టకీ స్పీకరుకీ మధ్య సందు లేకుండా మెత్తటి ఫోము ముక్క చుట్టూ అంటించాడు. చెమట కళ్ళలోకి దిగింది. తుడుచుకోలేదు.

మధ్యలో మౌలాబీ వచ్చి అన్నం కలిపిన కంచం పట్టుకుని నిలబడింది. అతని చేతులు జిగురుగా ఉన్నాయి. ఆవిడ ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "నవలకుండా మింగుతున్నావు, కోడివా?" అని తిట్టింది. గోంగూర పచ్చడి. ఇర్మియా కళ్ళు మండాయి. గోంగూరలో ఆవిడ కారం ఎక్కువే వేస్తుంది.

పాట విన్నాకే అట్ట మూయడం ఆ కొట్టు పద్ధతి. ఒక తలుపు అట్ట పెట్టారు, రెండోది గోడకే ఉంచారు. వైదేహికి ఫోను చేస్తే ఆటోలో వచ్చింది. దస్తగిరిని చూసి, "మీరా!" అంది. "ఈ కారుకి మొదట పని చేసింది మీరే కదూ? అమ్మ చెప్పేది, కుదుళ్ళ దస్తగిరి అని." ఆయన దణ్ణం పెట్టాడు. ఇర్మియా వైపు గడ్డం ఎత్తి చూపించాడు, నాకేం సంబంధం, అడుగు వాణ్ణి అన్నట్టు.

ఆమె డ్రైవరు సీట్లో కూచుంది. అద్దాలు పైకెత్తింది. ఇర్మియా బయట నిలబడ్డాడు. అద్దంలోంచి ఆమె మొహం కనపడుతోంది. ఆమె వేలితో మీట నొక్కింది.

లోపలేం వినపడుతోందో అతనికి తెలియదు. అరచెయ్యి తలుపు మీద పెట్టాడు. తలుపు గమ్మునుంది.

ఆమె కదలకుండా విన్నది. ఒకచోట ఉలిక్కిపడి వెనకసీటు వైపు తిరిగి చూసింది. అక్కడెవరూ లేరు. మళ్ళీ ముందుకి తిరిగి, స్టీరింగు మీద నుదురు ఆనించి, పెదాలు కదుపుతూ, గురువుతో పాటు దిగింది. ఎంత దిగిందో బయట నిలబడ్డవాళ్ళకి వినపడలేదు. ఆమె మెడ మీద నరం మాత్రం కనపడింది.

తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి మొహం కడుక్కున్నట్టుంది.

"దిగే ముందు ఊపిరి తీసుకుంటోంది," అంది. "ఇన్నేళ్ళూ అది వినపడనే లేదు నాకు. ఆ ఊపిరి తీసుకునే చోటు తెలియకే నేను దిగలేకపోయాను."

ఇర్మియా మేడం అనబోయి మానుకున్నాడు. "అమ్మా, ఆ రోజు నేనన్న మాట..."

"నువ్వన్నది నిజమే నాయనా," అంది వైదేహి. "మా అమ్మ గొంతే అంత."

అని, నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మౌలాబీ ఆమెని లోపలికి లాక్కుపోయి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చి, పందిట్లో నొప్పులొచ్చిన కథ మొదట్నించీ మొదలుపెట్టింది.

ఇర్మియాకి ఏం చెయ్యాలో తెలియలేదు. అతను దస్తగిరి దగ్గరికి పోయి, వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. ఆయన చప్పున వెనక్కి జరిగాడు.

"ఒరే, ఒరే. మా దాంట్లో మనిషి కాళ్ళకి మొక్కకూడదు. మీ దాంట్లోనూ మొక్కరు. మరి నువ్వెవరి దాంట్లో నేర్చుకున్నావ్?"

ఇర్మియా లేచి నిలబడ్డాడు. నవ్వొచ్చింది, నవ్వు సరిగ్గా రాలేదు. "మరి నేనేం చెయ్యాలి గురువుగారూ?"

"అట్ట మూయాలి," అన్నాడు దస్తగిరి. చెవి మీద పెన్సిలు తీసి ఇచ్చాడు.

ఇర్మియా గోడకి ఆనించిన అట్ట దగ్గర గొంతుకూచున్నాడు. పాత రాత కింద, జాగర్తగా, 'ద' అని రాశాడు.

దస్తగిరి వంగి, బొటనవేలు తడి చేసుకుని, ఆ అక్షరం రుద్దేశాడు. "బిగించినోడి పేరు రాయాల. రేపు ఊడితే తిట్లు ఎవరికి రావాల, నాకా?"

ఇర్మియా ఆ తడి ఆరేదాకా ఆగాడు. స్టిక్కర్ల మీద వందలసార్లు అచ్చయిన పేరు. పెన్సిలు గట్టిగా పట్టుకున్నాడు. పై వరస చూసుకుంటూ, దాని కిందే, అదే వరసలో రాశాడు.

ద. 12-6-2006
ఇ. 2-4-2019